మోతియాబింద్ ఆపరేషన్: కంట్లో ఏ లెన్సు పెట్టించుకోవాలి? నల్గొండ, పాలమూరు కుటుంబాల కోసం వివరాలు

మోతియాబింద్ అన్నా, శుక్లం అన్నా, కంట్ల పొర అన్నా జబ్బు ఒకటే. ఆపరేషన్ అంటే ఒకప్పుడు ఉన్నంత భయం ఇప్పుడు లేదు. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వస్తున్నారు. ఇప్పుడు కుటుంబాలను తికమకపెడుతున్నది లెన్సు. పరీక్షలన్నీ అయ్యాక కౌంటర్ దగ్గర ఒక కాగితం చేతిలో పెడతారు. అందులో నాలుగైదు రకాల లెన్సులు, ఒక్కోదానికి ఒక్కో ధర. కింది ధరకూ పై ధరకూ మధ్య తేడా ఒక్కోసారి ఇంట్లో ఉన్న బంగారమంత ఉంటుంది. "అమ్మీకి మంచిదే పెట్టిద్దాం" అని కొడుకులు అప్పు చేసేందుకు సిద్ధపడతారు. అయితే ధర ఎక్కువైన లెన్సు అందరి కంటికీ మంచిది కాదు. కొందరికి అదే ఇబ్బంది తెస్తుంది. ఏ లెన్సు ఏం చేస్తుందో, ఎవరికి ఏది సరిపోతుందో, డబ్బు కట్టే ముందు ఏం అడగాలో కింద చూడండి.

మన జిల్లాల్లో ఈ సమస్య ఎంత పెద్దది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు ఒక పెద్ద కంటి సర్వే జరిగింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దాన్ని చేసింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో మొత్తం 10,293 మందిని పరీక్షించారు. వారిలో 1.84 శాతం మందికి చూపు లేదని తేలింది. చూపు పోవడానికి కారణాల్లో దాదాపు 60 శాతం శుక్లం, కంటద్దాలు లేకపోవడం ఈ రెండే. అంటే నయం చేయగల జబ్బుతోనే ఎక్కువ మంది చీకట్లో ఉండిపోయారు.

ఆ తర్వాత పరిస్థితి చాలా మారింది. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు పథకం ప్రారంభించింది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. ఊళ్లో క్యాంపులోనే "మీకు మోతియా ఉంది" అని చాలామందికి తెలిసింది. తెలిసిన తర్వాత వచ్చే ప్రశ్నే ఈ లెన్సు.

లెన్సు ఎందుకు పెడతారు?

కంటి నల్లగుడ్డు వెనక పుట్టుకతో ఒక పారదర్శకమైన కటకం ఉంటుంది. వయసు, షుగర్, దెబ్బలు, కొన్ని మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్లు, దాన్ని మసకబారుస్తాయి. అదే శుక్లం. చుక్కల మందుతో గానీ, మాత్రలతో గానీ, నాటు మందుతో గానీ అది కరగదు. మసకబారిన కటకాన్ని తీసేసి, దాని పలచని సంచిని మాత్రం అలాగే ఉంచి, ఆ సంచిలో కొత్త లెన్సు పెడతారు.

లెన్సు పెట్టడం మొదలై 75 ఏళ్లు దాటింది. అంతకుముందు కటకం తీసేసి, సీసా అడుగులాంటి మందపు అద్దాలు ఇచ్చేవారు. పాత తరం దాదా, నానాల ఫోటోల్లో ఆ అద్దాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను వాచలేదు, చెడలేదు. లండన్ డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ దీన్ని గమనించి, అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు తయారు చేయించి 1949 నవంబర్ 29న మొదటిసారి ఒక మనిషి కంట్లో పెట్టాడు. ఆ లెన్సును తయారు చేసింది రేనర్ కంపెనీ.

మన దేశంలో పేదవాళ్లకు లెన్సు అందడానికి 1992 ముఖ్యమైన సంవత్సరం. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పేరుతో ఫ్యాక్టరీ పెట్టి లెన్సులు ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టారు. అప్పటివరకు విదేశాల నుంచి వచ్చే లెన్సు మామూలు కుటుంబానికి అందే ధరలో ఉండేది కాదు. దేశంలో తయారీ మొదలయ్యాక ధర ఎన్నో రెట్లు పడిపోయింది. అందుకే "ఇండియా లెన్సు అంటే నాసిరకం" అనే మాట నమ్మకండి.

ముందు తెలుసుకోవాల్సింది: మెత్తటిదా, గట్టిదా

గట్టి లెన్సు పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది మడత పడదు కాబట్టి పెట్టడానికి 6 మిల్లీమీటర్ల దాకా కోత కావాలి. చిన్న కోత, కుట్లు లేని ఆపరేషన్ అని క్యాంపుల్లో చేసే పద్ధతిలో ఎక్కువగా ఇది వాడతారు. మడత లెన్సు అక్రిలిక్‌తో చేస్తారు. దాన్ని చుట్టి 2 నుంచి 3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి లోపలికి పంపితే అక్కడ విచ్చుకుంటుంది. దీనికి ఫేకో పద్ధతి వాడతారు.

చాలామంది ఫేకోను "లేజర్ ఆపరేషన్" అంటారు. ఫేకోలో లేజర్ ఉండదు. శబ్ద తరంగాలతో శుక్లాన్ని పొడి చేసి లాగేస్తారు. నిజంగా లేజర్ వాడే పద్ధతి వేరే ఉంది, దానికి ఖర్చు కూడా వేరే. ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. మామూలు ఫేకో కంటే లేజర్‌తో ఫలితం మెరుగ్గా ఉందని అందులో తేలలేదు. "లేజర్ చేస్తాం" అని ఎవరైనా అంటే ఏ లేజర్ అని అడగండి.

క్యాంపు పద్ధతిలో చూపు రాదా? వస్తుంది. నేపాల్‌లో రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఆరు నెలల తర్వాత రెండు వర్గాల వారికీ దాదాపు ఒకే విధంగా మంచి చూపు ఉంది. ఫేకోలో గాయం త్వరగా మానుతుంది, అద్దాల నంబరు తొందరగా కుదురుకుంటుంది. బాగా ముదిరి రాయిలా గట్టిపడిన శుక్లానికి మాత్రం కొన్నిసార్లు డాక్టర్లే పెద్ద కోత పద్ధతి మేలంటారు.

మడత లెన్సులోనూ రెండు రకాలు ఉన్నాయి. నీటిని పీల్చుకోని అక్రిలిక్ ఒకటి, నీటిని పీల్చుకునే అక్రిలిక్ ఒకటి. మొదటి దాన్ని హైడ్రోఫోబిక్ అంటారు. దాని వెనక పొర మసకబారడం సాధారణంగా తక్కువ. రెండోది హైడ్రోఫిలిక్. ధర తక్కువ. అయితే తర్వాత ఎప్పుడైనా కంట్లోకి గాలి లేదా గ్యాస్ పంపే ఆపరేషన్ అవసరమైతే ఈ రకం లెన్సు మీద సున్నపు పొర పట్టే అవకాశం ఉంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లు ఈ విషయం డాక్టర్‌తో మాట్లాడాలి. అంచు చతురస్రంగా ఉన్న లెన్సు పొరను ఆపడంలో మేలు. "స్క్వేర్ ఎడ్జ్ ఉందా?" అని ఒక్క మాట అడగండి.

లెన్సుల రకాలు, ఎవరికి ఏది

మోనోఫోకల్: ఒక్క దూరానికే స్పష్టంగా చూపించే లెన్సు. ఎక్కువ మందికి పెట్టేది ఇదే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఉచిత క్యాంపుల్లో ఇచ్చేది కూడా ఇదే. సాధారణంగా దూరపు చూపుకు సరిపెడతారు. రోడ్డు, బస్సు బోర్డు, మనుషుల ముఖాలు అద్దాలు లేకుండా కనిపిస్తాయి. దగ్గర చదవడానికి మాత్రం సుమారు 2.50 పవర్ అద్దాలు కావాలి. వెలుతురు మొత్తం ఒకే చోట పడుతుంది కాబట్టి చూపు పదునుగా ఉంటుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు తక్కువ.

చాలా కుటుంబాలకు తెలియని విషయం ఒకటుంది. మోనోఫోకల్‌ను దగ్గర చూపుకు కూడా సరిపెట్టవచ్చు. ఇంట్లోనే ఉంటూ రోజూ ఖురాన్ తిలావత్ చేసే దాదీకి, మదరసాలో చదువు చెప్పే హాఫిజ్ సాబ్‌కు, చిన్నప్పటి నుంచి మైనస్ అద్దాలు వాడి అద్దాలు తీసి చదవడం అలవాటైన వారికి ఇది బాగా నప్పుతుంది. అప్పుడు దూరానికి అద్దాలు పెట్టుకుంటారు. దీనికి అదనపు ఖర్చు లేదు. ముందే అడగాలి, అంతే. ఒక కన్ను దూరానికి, రెండోది కొంచెం దగ్గరకు పెట్టే పద్ధతి కూడా ఉంది. అది అందరికీ అలవాటు కాదు.

టోరిక్: నల్లగుడ్డు పైపొర గుండ్రంగా కాకుండా గుడ్డులా సాగి ఉంటే దాన్ని సిలిండర్ పవర్ అంటారు. అది ఎక్కువగా ఉన్నవారికి మామూలు లెన్సు పెట్టినా దూరానికీ అద్దాలు తప్పవు. టోరిక్ లెన్సు దాన్ని సరిచేస్తుంది. ఇది కంట్లో సరైన కోణంలో కూర్చోవాలి. ఒక్క డిగ్రీ తిరిగితే దాదాపు 3 శాతం ప్రభావం పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే పెట్టి లాభం లేదు. సిలిండర్ లేనివారికి ఈ లెన్సు అవసరం లేదు. సిలిండర్ ఎంత ఉందో రిపోర్టులో రాసి ఉంటుంది, చూపించమనండి.

మల్టీఫోకల్, ట్రైఫోకల్: వెలుతురును రెండు మూడు దూరాలకు పంచే లెన్సు. దూరం, దగ్గర రెండూ అద్దాలు లేకుండా చూడొచ్చని దీన్ని ఎక్కువ ధరకు ఇస్తారు. చాలామందికి అలాగే పనిచేస్తుంది. కానీ వెలుతురు పంచుకోవడం వల్ల మసక వెలుతురులో స్పష్టత తగ్గుతుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. మెదడు అలవాటు పడటానికి కొన్ని నెలలు పట్టవచ్చు. విజయవాడ హైవే మీద రాత్రిళ్లు లారీ నడిపే డ్రైవర్‌కు, జడ్చర్ల, భూత్పూర్ వైపు తెల్లవారకముందే ఆటో తీసే వ్యక్తికి ఎదురు లైట్లు పగిలినట్టు కనిపించడం చిన్న విషయం కాదు. షుగర్‌తో రెటీనా దెబ్బతిన్నవారికి, నీటికాసులు (గ్లకోమా) ఉన్నవారికి, రెటీనా మధ్య భాగం బలహీనంగా ఉన్నవారికి ఈ లెన్సు సాధారణంగా వద్దంటారు. అప్పటికే తగ్గిన చూపును అది ఇంకా పంచేస్తుంది.

ఈడాఫ్: దూరం నుంచి చేయి చాపినంత దూరం వరకు సాగే చూపు ఇచ్చే లెన్సు. వంటగది, కిరాణా కౌంటర్, కుట్టు మిషన్, రెహల్ మీద పెట్టిన పెద్ద అక్షరాల ముస్‌హఫ్ వంటి వాటికి అనుకూలం. సన్న అక్షరాలకు, సూదిలో దారం ఎక్కించడానికి అద్దాలు కావాల్సిందే. వలయాలు మల్టీఫోకల్ కంటే సాధారణంగా తక్కువ. ధర మధ్యలో ఉంటుంది.

పసుపు రంగు లెన్సు: నీలి కాంతిని ఆపి రెటీనాను కాపాడుతుందని చెబుతారు. 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో అందుకు గట్టి ఆధారం దొరకలేదు. హాని కూడా లేదు. ఆ రంగు కోసమే అదనంగా డబ్బు కట్టక్కర్లేదు.

లెన్సు కంటే ముఖ్యమైనది కొలత

ఎంత ఖరీదైన లెన్సయినా పవర్ తప్పితే లాభం లేదు. కంటి పొడవు సగటున 23.5 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ కొలతలో 1 మిల్లీమీటరు తేడా వస్తే సుమారు రెండున్నర నుంచి మూడు పవర్ తేడా పడుతుంది. పాత పద్ధతిలో చిన్న పుల్లలాంటి పరికరాన్ని కంటికి ఆనించి కొలుస్తారు. గట్టిగా ఆనితే కన్ను నొక్కుకుని కొలత తగ్గుతుంది. కొత్త పద్ధతిలో కాంతితో, తాకకుండా కొలుస్తారు. మోతియా బాగా ముదిరితే కాంతి లోపలికి పోదు, పాత పద్ధతే దిక్కవుతుంది. అందుకే "పండాక తీయిద్దాం" అని ఏళ్లు ఆగొద్దు. ముదిరిన శుక్లం ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది. కొన్నిసార్లు కంటి ఒత్తిడి పెరిగి నొప్పితో చూపే పోతుంది. రోజువారీ పనికి అడ్డు వస్తోందంటే అదే సమయం.

డబ్బు పరిమితంగా ఉంటే, ఖరీదైన లెన్సు కంటే మంచి కొలత, పూర్తి రెటీనా పరీక్ష, అనుభవం ఉన్న సర్జన్, మంచి మోనోఫోకల్ లెన్సు మీద పెట్టడమే తెలివైన పని.

ఎక్కడికి వెళ్లాలి?

దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, గుర్తింపు ఉన్న స్వచ్ఛంద ఆసుపత్రుల్లో లెన్సుతో సహా ఆపరేషన్ ఉచితం. మహబూబ్‌నగర్, నల్గొండల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. కష్టమైన కేసులకు హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి పెద్ద దిక్కు. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థకు నాగర్‌కర్నూల్ జిల్లా తూడుకుర్తిలో గ్రామీణ కేంద్రం ఉంది. కట్టలేనివారికి అక్కడ ఉచితంగా చూస్తారు.

ఆరోగ్య బీమా ఉన్నవారు రెండు విషయాలు చూసుకోవాలి. చాలా పాలసీల్లో శుక్లానికి రెండేళ్ల దాకా వేచి ఉండే గడువు ఉంటుంది. ఒక్కో కంటికి ఇంతే అని పరిమితి కూడా ఉంటుంది. మల్టీఫోకల్ పెట్టిస్తే పై డబ్బు చేతి నుంచే పోతుంది. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డు చెల్లుతుందా లేదా అన్నది చేరే ముందే ఆ ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో అడిగి రాయించుకోండి.

ముంబై, పుణె, గల్ఫ్ వైపు పనికి వెళ్లేవారు, ఉమ్రా టికెట్లు బుక్ చేసుకున్నవారు తేదీ చూసుకుని ఆపరేషన్ పెట్టుకోవాలి. మరుసటి రోజు, వారం తర్వాత, నెల తర్వాత చూపించుకోవడం తప్పనిసరి. ఆ నెల ఊళ్లోనే ఉండేలా చూడండి.

డాక్టర్‌కు దాచకూడనివి

షుగర్, బీపీ ఎంత ఉందో, ఏ మందులు వాడుతున్నారో పూర్తిగా చెప్పాలి. ప్రొస్టేట్ కోసం ఇచ్చే టామ్సులోసిన్ మాత్ర ఆపరేషన్ సమయంలో కంటిపాపను వదులుగా చేస్తుంది. పెద్దవాళ్లు మొహమాటపడి ఆ మాత్ర గురించి చెప్పరు. కొడుకులో, అల్లుడో చెప్పాలి. రక్తం పలచబరిచే మందులు సొంతంగా ఆపొద్దు, డాక్టర్ చెబితేనే. గతంలో అద్దాలు తీసేయడానికి లేజర్ చేయించుకుని ఉంటే తప్పక చెప్పండి, పవర్ లెక్కే మారిపోతుంది.

నమాజ్, వుజూ, రోజా

కొత్త లెన్సు గాయం మానేదాకా కంట్లో నీళ్లు పడకూడదు, తల బాగా కిందికి వంచకూడదు. ఎన్ని రోజులన్నది సర్జన్ చెబుతారు. అన్ని రోజులు కుర్చీలో కూర్చుని, సైగతో రుకూ, సజ్దా చేసే వెసులుబాటు రోగికి ఉంది. వుజూలో ముఖం ఎలా తుడవాలి, మసహ్ సరిపోతుందా, తయమ్ముమ్ చేయాలా అన్నది మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. రంజాన్‌లో కంటి చుక్కల గురించి ఉలమాలలో వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి. వారిని అడిగి నిర్ణయించుకోండి. చుక్కలు మాత్రం మానొద్దు. తొందర లేని ఆపరేషన్‌ను ఈద్ తర్వాత పెట్టుకుంటే ఈ చిక్కే ఉండదు.

సుర్మా, కాజల్, గులాబ్ జల్, తేనె, పసరు ఏవీ ఆ కంట్లో వేయొద్దు. జమ్‌జమ్ నీళ్లు తాగండి, కంట్లో మాత్రం వేయకండి. లెన్సులో జంతు పదార్థం ఏమైనా ఉంటుందా అని కొందరు అడుగుతారు. శుక్లానికి పెట్టే పీఎంఎంఏ, అక్రిలిక్ లెన్సులు ప్లాస్టిక్‌తో చేసినవే.

"మళ్లీ మోతియా వచ్చింది" అంటే

తీసేసిన శుక్లం తిరిగి రాదు. కొన్ని నెలలకో, ఏళ్లకో లెన్సు వెనక సంచి మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో కూర్చున్న చోటే నిమిషాల్లో దాన్ని తొలగిస్తారు. కోత ఉండదు, లెన్సు మార్చాల్సిన పని లేదు. లెన్సు జీవితాంతం ఉంటుంది. నచ్చలేదని తర్వాత మార్చడం కష్టం, ప్రమాదం కూడా. ముందే ఆలోచించాలనేది అందుకే.

ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడి చూపు తగ్గుతున్నా, చీము కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మెరుపులు, నల్ల తెర అడ్డుపడినట్టు ఉన్నా అంతే. "రేపు చూద్దాం" అంటే చూపు పోవచ్చు.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

1. రెటీనా చూశారా? బాగుందా? షుగర్ దెబ్బ, గ్లకోమా ఉన్నాయా?
2. సిలిండర్ పవర్ ఎంత? టోరిక్ నిజంగా అవసరమా?
3. కంటి పొడవు ఏ పద్ధతిలో కొలిచారు?
4. లెన్సు దూరానికా, దగ్గరకా? ఆపరేషన్ తర్వాత ఏ పనికి అద్దాలు కావాలి?
5. కంపెనీ, మోడల్ పేరు ఏమిటి? డబ్బా మీద ఎంఆర్‌పీ ఎంత?
6. చెప్పిన ధరలో పరీక్షలు, మందులు, తర్వాతి చూపింపులు కలిశాయా?
7. ఇదే ఆసుపత్రిలో మామూలు మోనోఫోకల్ పెట్టిస్తే నాకు ఏం తక్కువవుతుంది?

ఏడో ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే కాగితం తీసుకుని ఇంటికి రండి, ఇంకో డాక్టర్‌కు చూపించండి. శుక్లం సాధారణంగా వారం రోజుల్లో ముంచుకొచ్చే జబ్బు కాదు. ఆపరేషన్ అయ్యాక లెన్సు డబ్బా మీది స్టిక్కర్ ఉన్న కార్డు తప్పక తీసుకుని ఆధార్ కార్డుతో పాటు దాచండి. రెండో కంటికి లెన్సు ఎంచుకునేటప్పుడు డాక్టర్ మొదట అడిగేది దాన్నే.